కొడవలిముక్కు కాకి

ద్రాక్షారామం,
4-12-1981

చి. జోగికి,

నువ్వూ మీనా ఖరగ్‌పూర్ చేరినట్టు కార్డు అందింది. భీమేశ్వరుడి దయవల్ల ఇక్కడ నేనూ, బట్టలకొట్టూ ఎప్పటిలాగే ఉన్నాం.

దశాహం నాడు కాలవగట్టు మీద ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాయమన్నావు. స్నానానికి ముందు కళ్ళజోడు తీసి మీనా చేతికిచ్చావట, తర్వాత ఏదీ సరిగ్గా కనిపించలేదట. సరే, రాస్తున్నాను.

నాన్నగారి పిండం ఆకులో పెట్టి అందరం వెనక్కి జరిగాం. అప్పటికి తొమ్మిదిన్నర. తాటిచెట్ల మీద కాకులు ఉన్నాయి. మనల్ని చూస్తూనే ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు. పోయినవాళ్ళకి తీరని కోరిక ఉంటే కాకి ముట్టదు కదా అని ఒక్కొక్కరం ఒక్కొక్కటి మొదలుపెట్టాం. కాఫీ పెట్టాం. పొడుం డబ్బీ పెట్టాం. కొట్టులోంచి గజంబద్ద తెప్పించి పక్కన పెట్టాం. బాబాయి దణ్ణం పెట్టి "అన్నయ్యా, నీతో ఆ గోడ తగువు మానేశాను" అన్నాడు. కాకి రాకపోవడం చూసి "సగం మానేశాను" అని సర్దుకున్నాడు. శాస్త్రిగారు ఎండ చూసుకుంటున్నారు.

పదకొండున్నరకి నువ్వు చేతులెత్తి, "నాన్నా, సంవత్సరీకం కాగానే అక్కని కాశీ తీసుకెళ్తాను" అన్నావు. ఆ మాట పూర్తయిందో లేదో, వరిచేలోంచి నల్లటి పక్షి ఒకటి వచ్చి ఆకు పక్కన వాలింది. ఆకు కదిలింది. పిండం దొర్లింది. "ముట్టింది, ముట్టింది! స్నానాలు కానివ్వండి" అన్నారు శాస్త్రిగారు.

ఇదీ జరిగింది. పక్షి ఏదని అడిగావు. శాస్త్రిగారు కాకి అన్నారు.

కాశీ సంగతి నేను ఎప్పుడూ ఎవరినీ అడగలేదు. యాభై ఆరేళ్ళు వచ్చాయి, ఇక అడగను కూడా అనుకున్నాను. అడక్కుండానే నీ నోట వచ్చింది. ఇంటికి రాగానే అటక మీది రాగిచెంబు దింపి చింతపండుతో తోమాను. గంగ పట్టుకోవడానికి సరిపోతుంది.

మీనాని అడిగానని చెప్పు.

అక్క,
రాజరాజేశ్వరి


ఖరగ్‌పూర్,
19-12-1981

అక్కకి నమస్కారాలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి ఆఫీసులో జీవరాజుగారు చదివారు. ఈయన మా సెక్షనే, కాకినాడ మనిషి. టిఫిన్ డబ్బా పక్కన దుర్భిణి పెట్టుకుంటారు. ఫైళ్ళ మధ్య పక్షుల పుస్తకం ఒకటి ఉంది. పక్షి పేరు తేల్చకుండా ఆయన ఏ కాగితం మీదా సంతకం పెట్టరు.

నేను విషయం చెప్పగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "కాకి వరిచేలోంచి ఎందుకొస్తుందండీ? చెట్టు మీంచి కదా రావాలి?" మీనా కూడా ఇప్పుడు చెబుతోంది, దాని కాళ్ళు మోకాళ్ళదాకా ఉన్నాయట. ఎవరి మోకాళ్ళదాకా అంటే చెప్పదు.

జీవరాజుగారి ఊహ ఏంటంటే, అది నీటికాకి. చేపల కోసం మునిగి, తర్వాత కర్ర మీద కూర్చుని రెక్కలు ఆరబెట్టుకునేది. అదే అయితే అక్కా, పెద్ద చిక్కు. పేరులో కాకి ఉంది, వంశంలో లేదు. శాస్త్రం పేరు చూస్తుందా, వంశం చూస్తుందా? మీ శాస్త్రిగారిని అడగకు. ఆయన ఏదైనా ముట్టిందనే అంటారు.

అందుకని ఇవి కాస్త చూసి రాయి. దాని ముక్కు ఎలా ఉంది? కాళ్ళ రంగేంటి? నడిచిందా, గెంతిందా? ఎగిరినప్పుడు మెడ ఎటు పెట్టింది? మెడ చాలా ముఖ్యమట.

నేనేదో తప్పించుకోవాలని కాదు సుమా. రైల్వే పాసు ఉంది, బండి ఉంది. కానీ నిజం నిజమే కదా! పైగా నువ్వు ఉన్న ఊరినే దక్షిణకాశీ అంటారు. ఆలోచిస్తే నువ్వు రోజూ కాశీలోనే కాఫీ తాగుతున్నావు. చెంబు తోమావని రాశావు. అంత తొందర ఎందుకు? రాగి అరిగిపోతుంది.

నీ తమ్ముడు,
జోగేశ్వరరావు


ద్రాక్షారామం,
8-1-1982

చి. జోగికి,

నీ ఉత్తరం దేవుడి ముందు పెట్టి పది రోజులు ఊరుకున్నాను. రాయాలనిపించలేదు. అలా ఊరుకోవడం కూడా అబద్ధంలాంటిదే అనిపించి రాస్తున్నాను.

నేను ఆ రోజు ఆకుకి నాలుగు బారల దూరంలో ఉన్నాను. నా కళ్ళు బాగానే ఉన్నాయి. అది కాకి కాదు.

మొన్న గుడి నుంచి వస్తూ మళ్ళీ గట్టు మీదికి వెళ్ళాను. చేలో ఐదు ఉన్నాయి. కోడిపుంజు కన్నా పొడుగు. కాళ్ళు సన్నం, పొడుగు, బురద రంగు. గెంతవు. కొట్టులో నచ్చని చీర చూసేవాళ్ళలా మెల్లిగా నడుస్తాయి. ముక్కు కొడవలిలా కిందికి వంగి ఉంటుంది. దాన్ని బురదలో దించి వెతుకుతాయి. మెడ మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు. నీడలో చూస్తే నలుపే. ఎండ పడితే మాత్రం నలుపు కాదు జోగీ. ఎర్రపోగూ పచ్చపోగూ కలిపి నేసిన పట్టు మనం అరలోంచి తీసి గుమ్మం వెలుగులో తిప్పి చూపిస్తామే, అదీ. రవికెలగుడ్డ కొనే మనిషికి కూడా తెలిసే తేడా. శాస్త్రిగారికి తెలియలేదు.

మురుగుకాలవలో రొయ్యలు పట్టే పాపాయి నన్ను చూసి నవ్వింది. "కాకేంటమ్మగారూ! కంకణం కదండీ అది! నత్తల కోసం వత్తాది. కొంగైతే మెడ మడిసి ఎగురుతాది. ఇది సూడండి, మెడ సాపి ఎగురుతాది" అని మట్టిబెడ్డ విసిరి లేపింది. నిజమే. మెడ ముందుకి, కాళ్ళు వెనక్కి, గజంబద్దలా తిన్నగా వెళ్ళాయి.

ఇంకొకటి. ఆ రోజు అది పిండం తినలేదు. ఆకు కింది నుంచి నత్తని తీసుకుంది. అప్పుడే పిండం దొర్లింది. నేను చూశాను, చెప్పలేదు. కాశీ మాట చెవిలో ఉండిపోయి చెప్పలేదు. అది నా తప్పు. దేవుడికి చెప్పుకున్నాను, నీకూ చెబుతున్నాను.

కాబట్టి నీ మాట నిన్ను కట్టెయ్యదు. సెలవు దొరకదేమో, ఆ ఇబ్బందితో అన్ని ప్రశ్నలు అడిగావనుకుంటున్నాను. ముందే చెబితే సరిపోయేది.

చెంబు అటకెక్కించాను.

అక్క


ఖరగ్‌పూర్,
24-1-1982

అక్కకి,

ఖాయమైంది! నీ ఉత్తరం చదువుతుండగానే జీవరాజుగారు పుస్తకం తిప్పి వేలు పెట్టారు. గ్లాసీ ఐబిస్. "కొడవలిముక్కు, చాచిన మెడ, ఎండలో మెరుపు. మీ అక్కగారు మా సెక్షన్లో ఉండాల్సిన మనిషండీ" అన్నారు. ఆనందం పట్టలేక అందరికీ జీళ్ళు పంచాను. అందరూ నాకు ప్రమోషన్ అనుకుని అభినందించారు. ఒకాయన దండ కూడా తెచ్చాడు.

ఆ దండ మెళ్ళో ఉండగానే నాకు తట్టింది. అది కాకి కాకపోతే పిండం ముట్టనట్టే కదా! నాన్నగారు రెండు నెలలుగా ఆ తాటిచెట్టు మీద ఆకలితో కూర్చున్నారా? కాకి అయితే నేను కాశీ వెళ్ళాలి. కాకపోతే నాన్న పస్తు. అన్నం గొంతు దిగడం లేదక్కా.

నువ్వే గట్టెక్కించాలి. ఆదివారం ఆదివారం ఆ గట్టు మీద అన్నంముద్ద పెట్టి, నా పేరు చెప్పి ఈ కింది మాటలు వారానికొకటి చదువు. దేనికి కాకి దిగితే దానికి నేను కట్టుబడతాను. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో పేకాట మానేస్తాను. మీసం తీసేస్తాను. బాబాయికి ఉత్తరం రాస్తాను. జీవరాజుగారితో పక్షుల కోసం తిరగను. ఆయన్ని అడిగాను, ఏమీ అనుకోనన్నారు, కానీ మధ్యాహ్నం మాట్లాడలేదు.

కాశీ మాత్రం ఆ జాబితాలో చేర్చకు. కారణం సెలవు కాదు. ఏదో ఒకటిలే.

జోగి

వదినగారికి మీనాకుమారి నమస్కారాలు. ఈయన స్నానానికి వెళ్ళారు, రెండు ముక్కలు కలుపుతున్నాను. కాశీ వెళ్తే ఇష్టమైన కాయ ఒకటి జన్మంతా వదిలెయ్యాలి కదండీ. ఈయన భయం అంతా వంకాయ.


ద్రాక్షారామం,
2-3-1982

చి. జోగికి,

శాస్త్రిగారిని అడిగాను. "కాకికి అన్నం పెట్టడానికి ముహూర్తం ఎందుకమ్మా, పెట్టండి" అన్నారు. నాలుగు ఆదివారాలు పెట్టాను.

పేకాటకి కాకి దిగలేదు. మీసానికి ఒకటి తల తిప్పింది, అంతే. బాబాయి ఉత్తరానికి లేచి అవతల చెట్టు మీదికి పోయాయి. జీవరాజుగారి మాట చదవడానికి మనసొప్పలేదు. ఆయన ఏం చేశారు? ఆ వారం ఊరికే కూర్చుని విష్ణుసహస్రనామం చదువుకున్నాను.

కంకణాలు మాత్రం వస్తున్నాయి. తడిమట్టి మీద ఆకు పరిస్తే కింద చల్లదనానికి నత్తలు చేరుతున్నాయి. మొదటి వారం ఐదు, నాలుగో వారం పదకొండు. ఇప్పుడు నన్ను చూసి ఎగరవు. రంగు తిరుగుతోంది వాటికి. చలికాలపు చుక్కలు పోయి మెడ ముదురు ఎరుపెక్కుతోంది.

ఊళ్ళో మరోలా చెప్పుకుంటున్నారు. నాన్నగారు పదకొండు పక్షులై వచ్చి కూతురి చేతి ముద్ద తింటున్నారని. కొట్టుకి వచ్చేవాళ్ళు బేరం ఆడటం లేదు, దణ్ణం పెట్టి కొనుక్కుంటున్నారు. వద్దని చెబుతూనే ఉన్నాను. బాబాయి గట్టు మీదికి వచ్చి పదకొండింటికీ విడివిడిగా దణ్ణం పెట్టి, గోడ తగువులో మిగిలిన సగం కూడా మానేశాడు.

మీనా రాసింది చూశాను. వంకాయా?

ఒరేయ్, నువ్వు నాకు ఎన్నో అబద్ధాలు చెప్పావు. ఇంత చిన్న నిజం చెప్పలేకపోయావా? నాన్నగారు కాశీ వెళ్ళినప్పుడు కాకరకాయ వదిలి వచ్చారు. నువ్వూ ఏదో ఒకటి వదలొచ్చు కదా.

అక్క


ఖరగ్‌పూర్,
17-3-1982

అక్కకి,

మీనాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు వంకాయ వండింది, మాట్లాడాను.

నీకు చిన్న నిజంలా కనిపిస్తోంది. నా వైపు నుంచి చూడు. ఉదయం నుంచీ సాయంత్రం దాకా వేగన్ల లెక్క రాసే మనిషిని. ఇంట్లో మూకుడు మీద మూత తీసినప్పుడు, నాలుగు పక్షాలుగా చీల్చి కారం కూరిన లేత వంకాయ నూనెలో మెత్తబడి ఒక పక్కకి ఒరుగుతుంది చూడు, అప్పుడే నాకు నేను గోదావరి జిల్లా వాడినని గుర్తొస్తుంది. ఇక్కడ వంకాయలు కొబ్బరికాయలంత ఉంటాయి. మీనా బజారంతా తిరిగి చిన్నవి ఏరుకొస్తుంది. అది వదిలేస్తే నేను ఇక్కడ ఎవడిని?

ఏదో ఒకటి వదలమన్నావు. అక్కడే ఉంది అసలు సంగతి. నాన్నగారు జన్మలో కాకరకాయ ముట్టలేదు! వంటింట్లో వండితే వీధరుగు మీద భోంచేసేవారు. కాశీలో పురోహితుడు "ఇష్టమైనదేనా?" అని అడిగితే "ప్రాణమండీ" అన్నానని ఆయనే నవ్వుతూ చెప్పేవారు. నువ్వూ విన్నావు. ఆ అబద్ధమే, అక్కా, ఆ రోజు కాకిని ఆపింది. నేనూ వెళ్ళి పొట్లకాయ వదిలేస్తే రేపు నా పిండానికి కాకి కాదు కదా, కంకణం కూడా రాదు. వెళ్తే వంకాయే వదలాలి. వదల్లేను. అందుకని వెళ్ళలేను.

సిగ్గుగా ఉంది. నాన్న సంగతి ఏదైనా తేలిందా?

జోగి


ద్రాక్షారామం,
9-5-1982

చి. జోగికి,

కాలవలు కట్టేశారు. గట్టు కింద అంతా బురద, పక్షుల సందడి.

నీకు బలవంతం లేదు. ఇష్టమైనది వదలడం కష్టమని తెలియకపోతే కాశీలో ఆ నియమమే పెట్టరు. నువ్వు కనీసం అబద్ధమాడి వదలనన్నావు. నాన్నగారికన్నా ఒక మెట్టు పైనున్నావు.

ఈ ఆదివారం నీ జాబితా తీసుకెళ్ళలేదు. అన్నంముద్ద పెట్టాను. "నాన్నా, మాటలన్నీ అయిపోయాయి. ఇవ్వడానికి ఎవరి దగ్గరా ఇంకేం లేదు. ఆకలేస్తే తినండి" అన్నాను.

కాకి దిగింది. గెంతుకుంటూ వచ్చింది. పొట్టి కాళ్ళు, తిన్నటి ముక్కు, బూడిదరంగు మెడ. ముద్దంతా తిని ముక్కు ఆకుకి తుడుచుకుంది. పాపాయి కూడా చూసింది. "ఇది కాకే అమ్మగారూ, నేను సాచ్చికం" అంది.

నాన్నగారికి ఏ కోరికా లేదు జోగీ. ఆ రోజు అంతమందిమి అరుస్తుంటే కాకి బెదిరి ఉంటుంది. అంతే. నువ్వు నిశ్చింతగా భోంచెయ్యి.

అక్క


ఖరగ్‌పూర్,
20-10-1982

అక్కకి,

ఐదు నెలలు ఉత్తరం రాయలేదు. కోపం వచ్చిందనుకుని ఉంటావు. రాలేదు. నువ్వు నిశ్చింతగా భోంచెయ్యమన్నావు, అప్పటినుంచీ వంకాయ రుచి తెలియడం లేదు.

ఇలా ఆలోచించాను. ఆ కాశీ మాట కాకి అడగలేదు. నాన్న అడగలేదు. నువ్వూ అడగలేదు. మరి నా నోట్లోంచి ఎందుకు వచ్చింది? నీ మనసులో కాశీ ఉందని నాకు ముందే తెలుసన్నమాట. తెలిసీ ఇన్నేళ్ళు ఊరుకున్నాను. ఇప్పుడు పక్షి మీద పెట్టి తప్పించుకోవడానికి ఏ పక్షీ మిగల్లేదు.

కాబట్టి వెళ్తున్నాం. సంవత్సరీకానికి వస్తాను. అటునుంచి అటే బయల్దేరతాం. పాసులో నీ పేరు రాయించాను. మీ ఎదురింటి సంపూర్ణమ్మగారిని కూడా సిద్ధంగా ఉండమను, ఆవిడ అవసరం ఉంది. ఎందుకంటే, నేను మొగల్‌సరాయి దాకా వస్తాను. కాశీకి ముందు స్టేషను. మధ్యలో గంగ, గంగ మీద వంతెన. జీవరాజుగారు స్కేలు పెట్టి మ్యాపులో చూశారు. వంతెనకి ఇవతల కాశీ కాదట. నేను వెయిటింగ్ రూములో కూర్చుంటాను. మీరిద్దరూ వంతెన దాటి నాలుగు రోజులుండి రండి. తీసుకెళ్తానన్న మాటా నిలబడుతుంది, కాశీలో అడుగుపెట్టలేదు కాబట్టి వంకాయా నిలబడుతుంది.

నవ్వితే నవ్వు. చెంబు మాత్రం దింపు.

జోగి


కాశీ,
11-12-1982

మొగల్‌సరాయి స్టేషను వెయిటింగ్ రూములో, కిటికీ పక్క బల్ల మీద కూర్చున్న చి. జోగేశ్వరరావుకి,

ఈ ఉత్తరం సత్రం గుమాస్తా తెస్తున్నాడు, స్టేషనులో పనుండి వస్తున్నాడు. నువ్వు ఏ బల్ల మీద ఉంటావో ఆనవాలు చెప్పమన్నాడు. పొడుగు కాళ్ళు, కళ్ళజోడు, మెడ చాచి వంతెన వైపు చూస్తూ ఉంటాడు అని చెప్పాను.

మూడు రోజులూ స్నానాలు చక్కగా జరిగాయి. మొదటిరోజు నీళ్ళలో దిగి నిలబడ్డాను. ఏమీ కోరుకోలేదు. చలి కూడా తెలియలేదు. సంపూర్ణమ్మ భుజం మీద తడితే గంట అయిందని తెలిసింది.

నిన్న పడవలో వెళ్తుంటే అవతలి ఒడ్డున నల్లటి పక్షులు బారుగా లేచాయి. "కాకులు, ఎన్ని కాకులో!" అని సంపూర్ణమ్మ దణ్ణం పెట్టింది. మెడలు చాచి ఉన్నాయి. ఎండ పడగానే రంగు తిరిగింది. ఆవిడ దణ్ణం ఆవిడది.

ఇవాళ వదిలే కార్యక్రమం అయింది. పురోహితుడు పండు అడిగారు, సీతాఫలం అన్నాను. కాయ అడిగారు. వంకాయ అన్నాను. "ఇష్టమైనదేనా అమ్మా?" అన్నారు. అవునన్నాను. నాన్నగారిలా అనలేదు, నిజంగానే అన్నాను.

మనింట్లో వంకాయ నీ ఒక్కడికే ఇష్టమనుకున్నావు. అమ్మ గుత్తివంకాయ లెక్కపెట్టి వండేది, మనిషికి రెండు. నీ పళ్ళెంలో ఎప్పుడూ మూడు ఉండేవి. మూడోది ఎక్కణ్ణించి వచ్చేదో నువ్వు అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఒకరి బదులు ఒకరు వదలొచ్చా అని పురోహితుణ్ణి అడిగాను. ఆయన "నలభై ఏళ్ళలో ఎవరూ అడగలేదమ్మా" అన్నారు. కూడదని మాత్రం అనలేదు. మన ఇద్దరి తరఫునా నీళ్ళు వదిలాను. నువ్వు తినొచ్చు. నా రెండోది కూడా ఇకనుంచి నువ్వే తిను.

కాబట్టి ఆ బల్ల మీంచి లే. రేపు ఉదయం మొదటి బండికి వంతెన దాటి రా. చెంబు నిండింది. నేననుకున్నదానికన్నా బరువుగా ఉంది.

అక్క